మూగజీవి బిల్లులో ఏముంది?

కిందటి వేసవిలో మా కుక్క చిన్ని రెండు రోజులు పెరుగన్నం ముట్టలేదు. గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, తల తిప్పుకుని బాత్రూం గుమ్మం దగ్గర చల్లటి బండ మీదకి వెళ్లి పడుకునేది. "ఎండలకి అట్లా ఉందిలే, రేపటికి అదే తింటుంది" అంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను. బెజవాడ ఎండలకు మనుషులకే అన్నం సయించదు. మూడో రోజు లేచి రెండడుగులు వేసి మళ్లీ కూలబడింది. నాలుగో రోజు పొద్దున పొట్ట మీద ఆవాలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు కనిపించాయి. అప్పుడు ఆటో పిలిచాం.

డాక్టరుగారు ముందు దాని పై పెదవి ఎత్తి చిగురు చూశారు. లేత గులాబీ రంగులో ఉండాల్సిన చిగురు సున్నం కొట్టిన గోడలా ఉంది. తరవాత చెవి తిరగేశారు. లోపలి మడతలోంచి చిన్న పట్టకారుతో ఒకదాన్ని లాగి దూది మీద పెట్టారు. నెత్తురు తాగి ఉబ్బిన గోమారి. కొన్ని ఊళ్లలో పిడుదు అంటారు. అచ్చం చిన్న ఆముదపు గింజలా ఉంది. ఆముదానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రిసినస్. లాటిన్‌లో ఆ మాటకు గోమారి అనే అర్థం. ఆ పోలిక చూసే ఆ పేరు పెట్టారు.

"తినక ఎన్నాళ్లయిందమ్మా?" అని అమ్మనడిగారు.

"నాలుగు రోజులండీ."

ఆయన ఇంకేమీ అనలేదు. రక్తం తీయడానికి ముందరి కాలి మీద వెంట్రుకలు గొరగడం మొదలుపెట్టారు.

వారం తరవాత చిన్ని తన కాళ్ల మీద తను నడిచి ఇంటికొచ్చింది. మా చేతిలోకి ఒకటిన్నర పేజీల బిల్లు వచ్చింది. అంతా కలిపి 23,800 రూపాయలు. మా బంధువుల్లో ఒకాయన "ఆ డబ్బుకి నాలుగు కుక్కపిల్లలొచ్చేవి గదరా" అన్నాడు. నేను బదులు చెప్పలేదు. కానీ ఆ కాగితం పారెయ్యకుండా దాచి, ఇంత ఎందుకైందో ఒక్కో పద్దు పట్టుకుని తెలుసుకుంటూ వచ్చాను. తెలిసేకొద్దీ ఆసుపత్రి మీద కోపం తగ్గింది. పోగొట్టుకున్న ఆ మూడు రోజుల మీద బాధ పెరిగింది.

బిల్లులో మొదటి పెద్ద పద్దు రక్తపరీక్షలు. వారంలో నాలుగుసార్లు చేశారు. మనుషులకు వీధి చివరి ల్యాబ్‌లో రెండు మూడు వందలకు అయ్యే పరీక్షకు ఇక్కడ రెట్టింపు పైన అయింది. ఆ వీధి చివరి ల్యాబ్‌కే కుక్క రక్తం పట్టుకెళ్లి ఇస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం వాటిని ఒక సన్నటి రంధ్రం గుండా పంపిస్తుంది. కణం దాటినప్పుడల్లా విద్యుత్ ప్రవాహంలో చిన్న కుదుపు వస్తుంది. కుదుపు పెద్దదైతే ఎర్రకణం, చిన్నదైతే ప్లేట్‌లెట్ అని యంత్రం రాసుకుంటుంది. ఎంత పెద్దది, ఎంత చిన్నది అన్న గీతను మనిషి రక్తానికి సరిపోయేలా గీసి ఉంచుతారు. మనిషి ఎర్రకణం ఘనపరిమాణం 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు ఉంటుంది. కుక్కది 70కి అటూ ఇటూ. పిల్లిది 40 నుంచి 55. మేకది 20 దగ్గర. పైగా పిల్లి ప్లేట్‌లెట్లు పెద్దవి, గుంపుగా అతుక్కుపోయే గుణం కూడా వాటికి ఎక్కువ. మనిషి కోసం గీసిన గీతతో పిల్లి రక్తాన్ని లెక్కపెడితే ఎర్రకణమేదో ప్లేట్‌లెట్ ఏదో కలగాపులగమైపోతుంది. అందుకని ఒక్కో జంతువుకూ వేరే గీత ఉన్న యంత్రం కావాలి. ఆ యంత్రం ఉన్న పశువైద్యుడు కూడా అనుమానం వస్తే గాజుపలక మీద చుక్క రాసి సూక్ష్మదర్శినిలో కళ్లారా చూసుకోవాలి.

మనుషుల డయాగ్నొస్టిక్ సెంటర్‌లో అలాంటి యంత్రం రోజుకు కొన్ని వందల నమూనాలు చూస్తుంది. దాని ధర, రసాయనాల ధర అంతమంది మీదా పడి తలా ఇంత అవుతుంది. కుక్కల ఆసుపత్రిలో రోజుకు పదో పదిహేనో వస్తాయి. రసాయనాల సీసా ఒకసారి తెరిస్తే గడువు తీరాక మిగిలినదంతా పారబోయాల్సిందే. ఒకే చిన్న భవనంలో ల్యాబ్, ఎక్స్‌రే, స్కానింగ్, ఆపరేషన్ థియేటర్, మందుల షాపు, ఇన్‌పేషెంట్ గది అన్నీ పెట్టుకుని, ఆ ఖర్చంతా కొద్దిమంది మధ్య పంచుకోవాల్సి రావడమే ఈ వైద్యం ఖరీదుకు సగం కారణం.

ఇంకో కారణం నోరు లేకపోవడం. మనిషి రోగి వచ్చి "ఇక్కడ నొప్పి, అన్నం తిన్నాక ఎక్కువ, నిన్నటి నుంచి" అంటాడు. ఆ మూడు ముక్కలతో డాక్టరుకు సగం దారి కనిపిస్తుంది. కుక్క విషయంలో ఆ మూడు ముక్కల్నీ పరీక్షల చేత చెప్పించాలి. మనిషిని ఎమ్మారై గొట్టంలో పెట్టి "కదలకండి" అంటే కదలకుండా పడుకుంటాడు. కుక్కకు ఆ మాట చెప్పలేం. ఒళ్లంతా మత్తిచ్చి, గొంతులో గొట్టం వేసి, గుండె, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ చూసుకుంటూ ఒక మనిషి పక్కనే నిలబడాలి. అంటే స్కానింగ్ బిల్లులో సగం ఆపరేషన్ బిల్లు కలిసి ఉంటుంది. పళ్లు శుభ్రం చెయ్యాలన్నా అంతే. మన దంతవైద్యుడు "నోరు తెరవండి" అంటే అయిపోయే పని అక్కడ పూర్తి మత్తుతో జరుగుతుంది.

ఇక చిన్ని జబ్బు సంగతి. దాని పేరు ఎర్లీకియోసిస్. పెంపకందార్లు టిక్ ఫీవర్ అంటారు. ఎర్లీకియా కేనిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీన్ని 1935లో అల్జీరియాలో మొదట గుర్తించారు. లోకానికి దీని తడాఖా తెలిసింది మాత్రం వియత్నాం యుద్ధంలో. 1968 నుంచి రెండు మూడేళ్లలో అమెరికా సైన్యం వాడిన జర్మన్ షెపర్డ్ కుక్కలు వందల సంఖ్యలో ముక్కు నుంచి నెత్తురు కారి చనిపోయాయి. పుట్టి పెరిగిన చోట ఈ జబ్బు ఎరగని కుక్కలు ఉష్ణదేశానికి వచ్చి దానికి బలయ్యాయి.

మోసుకొచ్చేది గోధుమరంగు గోమారి. దీనికి మిగతా గోమార్లకు లేని ఒక గుణం ఉంది. అడవి, గడ్డి, పశువు ఏవీ అక్కర్లేదు. మన ఇంట్లోనే కాపురం పెట్టగలదు. గుడ్డులోంచి బయటికి వచ్చింది మొదలు ముసలితనం దాకా ప్రతి దశలోనూ కుక్క నెత్తురే తాగుతుంది. తాగడం అయ్యాక కిందికి దిగి గోడ పగుళ్లలో, తలుపు ఫ్రేము వెనక, మంచం కోళ్ల సందుల్లో దాక్కుంటుంది. ఒక్కో ఆడ గోమారి నాలుగు వేల దాకా గుడ్లు పెడుతుంది. పెద్ద గోమారి నెత్తురు చుక్క దొరక్కపోయినా నెలల తరబడి బతికే ఉంటుంది. మనం కుక్కకు స్నానం చేయించి నాలుగు గోమార్లు ఏరి చంపి అయిపోయిందనుకుంటాం. అసలు మంద గోడలో ఉంటుంది. కుట్టిన కొద్ది గంటల్లోనే దాని లాలాజలం నుంచి బ్యాక్టీరియా కుక్క ఒంట్లోకి చేరుతుంది.

చేరిన బ్యాక్టీరియా ఎక్కడ దాక్కుంటుందో చూడండి: శత్రువును పట్టి మింగాల్సిన తెల్లకణాల్లోనే. లోపల గుంపు కట్టి పెరుగుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ గుంపు మల్బరీ పండులా కనబడుతుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, నీరసం, అన్నం మానేయడం మొదలవుతాయి. దాన్ని ఎదుర్కోబోయిన కుక్క రోగనిరోధక వ్యవస్థ గురి తప్పి సొంత ప్లేట్‌లెట్లనే నాశనం చేస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గితే చిన్న నాళాల నుంచి నెత్తురు చర్మం కిందకు ఊరుతుంది. మేం ఎండకు పేలిన పొక్కులనుకున్న ఎర్ర చుక్కలు అవే.

ఈ దశలో పట్టుకుంటే వైద్యం చాలా చవక. డాక్సీసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్ నాలుగు వారాలు వాడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. మందుల షాపులో అతి తక్కువ ధరకు దొరికే మాత్రల్లో అదొకటి. డాక్టరు ఫీజు, ఒక రక్తపరీక్ష, నాలుగు వారాల మాత్రలు, అంతే. అప్పుడు పట్టుకోకపోతే? కొన్ని కుక్కలు వాటంతటవే తేరుకున్నట్టు కనిపిస్తాయి. అన్నం తింటాయి, తోక ఊపుతాయి. బ్యాక్టీరియా మాత్రం ప్లీహంలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతుంది. మళ్లీ తిరగబెట్టినప్పుడు ఎముకల మజ్జ మీద పడుతుంది. అంటే రక్తం తయారయ్యే చోటునే పాడుచేస్తుంది. ఆ దశకు వచ్చిన కుక్కకు లక్షలు పోసినా చాలాసార్లు ప్రాణం దక్కదు.

చిన్ని ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది. ప్లేట్‌లెట్లు రెండు లక్షలకు పైన ఉండాల్సినవి 14 వేలున్నాయి. రక్తంలో ఎర్రకణాల వాటా కనీసం 37 శాతం ఉండాలి. 13 ఉంది. "మాత్రలు పనిచెయ్యడానికి రెండు మూడు రోజులు పడుతుందండీ. అందాకా ఇది ఉండాలి కదా. రక్తం ఎక్కించాలి" అన్నారు డాక్టరుగారు. గోటితో పోయేదానికి గొడ్డలి అని మనవాళ్లు ఊరికే అనలేదు. గోరు దగ్గరే పట్టుకుని ఉంటే పదిహేను వందలతో పోయేది. మేం గొడ్డలి దాకా తెచ్చాం. బిల్లులో ఆ తరవాతి పద్దులన్నీ దాదాపు ఆ మూడు రోజుల ఖరీదే.

కుక్క రక్తం ఎక్కడ దొరుకుతుంది? చెన్నైలోని మద్రాసు పశువైద్య కళాశాలలో జంతువుల రక్తనిధి ఉంది. అలాంటివి దేశంలో బహు తక్కువ. మిగతా చోట్ల ఇంకో కుక్కను వెతుక్కోవాలి. డాక్టరుగారే ఎవరికో ఫోన్ చేశారు. గంటన్నరలో ఒకాయన ముప్పై కిలోల లాబ్రడార్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. మేం ఆయనకెవరమో తెలియదు. పేరు కూడా ఆ తరవాతే అడిగాం. దాన్ని బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, తల ఆయన ఒళ్లో పెట్టుకుని నిమురుతుంటే, మెడలోని పెద్ద సిర నుంచి రక్తం తీశారు. కుక్కల్లో పెద్దమొత్తంలో రక్తం అక్కడి నుంచే తీస్తారు. అది ఒక్కసారి కూడా మూలగలేదు. అయిపోయాక లేచి ఒళ్లు దులుపుకుని, పెట్టిన బిస్కెట్లు తిని, చిన్ని దగ్గరకెళ్లి మూతి వాసన చూసి వెళ్లిపోయింది.

కుక్కల్లోనూ రక్తం గ్రూపులున్నాయి. డజను దాకా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనదాన్ని డీఈఏ 1 అంటారు. మనలో ఏ గ్రూపువాడి ఒంట్లో బీ గ్రూపుకు వ్యతిరేకమైన యాంటీబాడీలు ముందే ఉంటాయి. కుక్కలో డీఈఏ 1కు వ్యతిరేకంగా అలా పుట్టుకతో ఉండవు. అందుకని మొదటిసారి ఎక్కించినప్పుడు గ్రూపు కలవకపోయినా పెద్ద ప్రమాదం సాధారణంగా రాదు. ఆ ఒక్కసారితో ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి కలవని రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. పిల్లుల లెక్క పూర్తిగా వేరు. బీ గ్రూపు పిల్లి ఒంట్లో ఏ గ్రూపుకు వ్యతిరేకమైన బలమైన యాంటీబాడీలు ముందే ఉంటాయి. మొదటిసారే, కొద్దిపాటి రక్తం ఎక్కించినా చచ్చిపోవచ్చు. అందువల్ల పిల్లికి గ్రూపు చూడకుండా రక్తం ఎక్కించనే కూడదు. ఈ చదువంతా ఒకే డాక్టరు చదవాలి. పశువైద్య పట్టా ఐదున్నరేళ్ల చదువు. అందులో ఆవు, గేదె, గొర్రె, కోడి, గుర్రం, కుక్క, పిల్లి అన్నీ వస్తాయి.

ఇంత చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. మనుషుల వైద్యం ఇంతకన్నా ఖరీదైనది కదా, అక్కడ ఇంత నొప్పి ఎందుకు తెలియదు? అక్కడ ఖర్చులో చాలా భాగం మన కంటపడదు. ప్రభుత్వాసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది, ఉద్యోగికి హెల్త్ కార్డు ఉంది, కొందరికి కంపెనీ బీమా ఉంది. బిడ్డ పుడితే టీకాలన్నీ ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. కుక్కకూ పిల్లికీ వీటిలో చాలావరకు లేవు. వైద్యం అసలు ధర ఎంతో ఏ మాటూ చాటూ లేకుండా కనిపించే చోటు పెంపుడు జంతువుల ఆసుపత్రే. పశువైద్య సేవల మీద జీఎస్టీ లేకపోవడం కొంత ఊరట. మందుల మీద, పెంపుడు జంతువుల ఆహారం మీద మాత్రం పన్ను ఉంది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. బ్రిటన్‌లో ఈ గోల ప్రభుత్వం దాకా వెళ్లింది. అక్కడ వ్యాపారాల్లో పోటీని పర్యవేక్షించే సీఎంఏ అనే సంస్థ 2023 సెప్టెంబరులో పెంపుడు జంతువుల వైద్యం మీద సమీక్ష మొదలుపెట్టి జనాభిప్రాయం అడిగితే 56 వేల స్పందనలు వచ్చాయి. 2024 మేలో పూర్తిస్థాయి విచారణ చేపట్టారు. 2013లో అక్కడి క్లినిక్కుల్లో పదింట ఒకటి పెద్ద కంపెనీల చేతిలో ఉండేది. పదేళ్లు తిరిగేసరికి పదింట ఆరు వాటి చేతికి వెళ్లాయి. గుమ్మం మీద పాత డాక్టరు పేరే ఉంటుంది, యజమాని మారిన సంగతి చాలామందికి తెలియదు. 2016 నుంచి 2023 మధ్య వైద్యం ధరలు సగటున 63 శాతం పెరిగాయని, మామూలు ధరల పెరుగుదల కన్నా ఇది చాలా ఎక్కువని ఆ సంస్థ తేల్చింది. అమెరికాలో చాక్లెట్ల కంపెనీగా మనకు తెలిసిన మార్స్ 2017లో వీసీఏ అనే జంతు ఆసుపత్రుల గొలుసును దాదాపు 910 కోట్ల డాలర్లకు కొన్నది. 2025లో గాలప్ సంస్థ అక్కడి పెంపకందార్లను అడిగితే, 52 శాతం మంది కిందటి ఏడాదిలో అవసరమైన వైద్యం మానుకున్నామనో వద్దన్నామనో చెప్పారు. ఎక్కువమంది చెప్పిన కారణం డబ్బే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కుక్కను పెంచుకునే మనవాళ్లను అడిగితే ఒక్క రాత్రి ఎమర్జెన్సీకి వెళ్తే ఎంత తడిసి మోపెడవుతుందో చెబుతారు.

కాబట్టి ధరలో కొంత శాస్త్రం, కొంత వ్యాపారం ఉన్నాయి. వ్యాపారం భాగాన్ని అదుపు చెయ్యాల్సింది ప్రభుత్వాలు. మన మహానగరాల్లోనూ గొలుసు ఆసుపత్రులు వస్తున్నాయి. ఏ సేవకు ఎంతో గోడ మీద రాసిపెట్టాలని ఇప్పుడే అడగడం మంచిది.

శాస్త్రం భాగంలో మన చేతిలో ఉన్నది చాలా ఉంది. ముందు టీకాలు. కుక్కపిల్లల్ని తీసుకుపోయే జబ్బుల్లో మొదటిది పార్వో. 1978 ముందు ఈ జబ్బు ఎవరికీ తెలియదు. ఆ ఏడు బయటపడిన వైరస్ రెండేళ్లు తిరక్కుండా ప్రపంచమంతా చుట్టేసింది. పేగు లోపలి గోడ రోజూ కొత్త కణాల్ని పుట్టించుకుంటూ బతుకుతుంది. పార్వో ఆ పుట్టే కణాల్నే చంపుతుంది. మజ్జలో తెల్లకణాలు పుట్టే చోటునూ కొడుతుంది. పేగు గోడ చెదిరి నెత్తుటి విరేచనాలు అవుతాయి, పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది, ఎదుర్కోవడానికి తెల్లకణాలు ఉండవు. వైద్యం చెయ్యకపోతే పదింట తొమ్మిది పిల్లలు పోతాయి. ఆసుపత్రిలో చేర్చి సెలైన్లు, వాంతులు ఆపే ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్‌లు ఇస్తే పదింట ఎనిమిదో తొమ్మిదో దక్కుతాయి. ఐదారు రోజులు రేయింబవళ్లు మనిషి కనిపెట్టుకుని ఉండాలి కనుక బిల్లు వేలల్లో ఉంటుంది. టీకా వందల్లో ఉంటుంది.

"టీకా వేయించాం, అయినా పార్వో వచ్చింది" అనే మాట ఆసుపత్రి బెంచీ మీద నేనే రెండుసార్లు విన్నాను. దాని వెనక ఒక చిక్కు ఉంది. తల్లి జున్నుపాలతో పిల్లకు యాంటీబాడీలు ఇస్తుంది. అవి ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకాలోని వైరస్‌ను కూడా శత్రువే అనుకుని చంపేస్తాయి, టీకా వృథా అవుతుంది. అవి తగ్గిపోయాక పిల్ల రక్షణ లేకుండా మిగులుతుంది. ఆ తగ్గే రోజు ఒక్కో పిల్లలో ఒక్కో వారంలో వస్తుంది. ఎప్పుడో బయటికి తెలియదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోవాలి. ఒక డోసు వేయించి కార్డు బీరువాలో పెట్టేస్తే సరిపోదు. నెల పిల్లల్ని తల్లి నుంచి విడదీసి అమ్మేవాళ్ల దగ్గర కొన్నా ప్రమాదమే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. ఇంకొక మాట. పార్వో వచ్చి పోయిన ఇంట్లో ఫినాయిల్‌తో కడిగితే లాభం లేదు. ఆ వైరస్‌కు కొవ్వు పొర లేదు, ఫినాయిల్‌కు లొంగదు, నేలలో నెలల తరబడి బతుకుతుంది. బట్టల బ్లీచ్ ద్రావణానికి లొంగుతుంది.

ఆడ కుక్కకు వేళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడం ఇంకోటి. ఆపరేషన్ చెయ్యని కుక్కల్లో గర్భసంచికి చీము పట్టే జబ్బు వస్తుంది. స్వీడన్ బీమా లెక్కల్లో, పదేళ్లు వచ్చేలోపు ప్రతి నాలుగింట దాదాపు ఒకదానికి వచ్చింది. అప్పుడు అర్ధరాత్రి చేసే ఆపరేషన్‌కూ ముందే తీరిగ్గా చేసే ఆపరేషన్‌కూ ఖర్చులో పోలికే ఉండదు.

జాతి ఎంపిక కూడా బిల్లును ముందే రాసిపెడుతుంది. 2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనలో పగ్ కనిపించాక దేశమంతా ఆ జాతికి గిరాకీ పెరిగింది. కుక్క ఒంటి వేడి పోయేది చెమటతో కాదు, ప్రధానంగా వగర్చడంతో. మూతి నొక్కేసినట్టు ఉండే పగ్‌కు గాలి దారే ఇరుకు. కోస్తా ఉక్కపోతలో అది ప్రతి వేసవీ ప్రాణాల కోసం పోరాడుతుంది. మన వీధి కుక్కపిల్ల ఆ వేడికి తరతరాలుగా అలవాటు పడింది. చిన్ని వీధి పిల్లే. ఆ అలవాటు దాన్ని గోమారి నుంచి కాపాడలేదు, వడదెబ్బ నుంచి కాపాడింది.

డబ్బు మిగుల్చుకుందామని చేసే ఒక పొరపాటు అన్నిటికన్నా ఘోరంగా తిరగబడుతుంది. ఇంట్లో ఉన్న జ్వరం మాత్ర పెట్టడం. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపడానికి కావలసిన ఎంజైము పిల్లి కాలేయంలో సరిగా పనిచెయ్యదు. ఒక్క మాత్ర చాలు, దాని ఎర్రకణాలు ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చి నోరు, చిగుళ్లు గోధుమ నీలం రంగుకు తిరిగి చచ్చిపోతుంది. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మనిషిని చిన్నగా చేస్తే కుక్క, ఇంకా చిన్నగా చేస్తే పిల్లి కాదు. ఏ మాత్రయినా, డాక్సీసైక్లిన్ అయినా సరే, డాక్టరు బరువు చూసి చెప్పాకే.

డాక్టరు దగ్గర డబ్బు మాట ఎత్తడానికి మనకు మొహమాటం. ఎత్తితే ప్రేమ లేదనుకుంటారని భయం. ఆ మొహమాటం వదులుకోండి. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యులు ఆసుపత్రిలో చేర్చే స్తోమత లేనివాళ్ల కోసం పార్వోకు ఒక దారి కనిపెట్టారు. మొదట సిరలోకి సెలైన్ ఎక్కించి పిల్లను నిలబెడతారు. ఆ తరవాత చర్మం కింద ద్రవాలు, చాలా రోజులు పనిచేసే ఒక్క యాంటీబయాటిక్ ఇంజెక్షన్, రోజూ ఒకసారి వాంతుల మందు. 2017లో అచ్చయిన వాళ్ల అధ్యయనంలో నలభై పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఆసుపత్రిలో ఉంచి చేసినవాటిలో 90 శాతం బతికాయి. ఈ పద్ధతిలో చేసినవాటిలో 80 శాతం. మొదటిది మేలు. కానీ రెండోది లేకపోతే ఆ పేదింటి పిల్లలు బతికే దారి ఉండేది కాదు. జబ్బుకు ఒకే ధర గల ఒకే వైద్యం ఉండదని దీని అర్థం. "మా దగ్గర ఇంత ఉందండీ. ఇందులో ముందు ఏది చెయ్యాలి?" అని మొదటే అడిగితే మంచి డాక్టరు దానికి తగ్గ దారి చూపిస్తారు. మా డాక్టరుగారూ అంతే. బయటి ల్యాబ్‌కు పంపాల్సిన ఒక ఖరీదైన పరీక్షను "మాత్రలకు తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అని పక్కన పెట్టారు. తగ్గింది, దాని అవసరం రాలేదు.

రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ప్రైవేటు కన్నా చాలా తక్కువ ఖర్చుతో అనుభవమున్న ప్రొఫెసర్లు చూస్తారు. కాస్త వేచి ఉండాలి. జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినోత్సవం నాడు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంది. 1885లో అదే తేదీన పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా మొదలుపెట్టాడు. కుక్కలకు బీమా ఇచ్చే కంపెనీలు మన దేశంలోనూ వచ్చాయి. వయసు, ముందున్న జబ్బులు, వేయించాల్సిన టీకాల గురించిన షరతులు చదివి తీసుకోండి. ఇవేవీ కుదరనివాళ్లు నెలకు మూడు నాలుగొందలు పక్కన పెట్టినా ఏడాదికి ఒక కష్టం గట్టెక్కుతుంది.

కుక్కను తెచ్చుకునే రోజే ఈ లెక్క వేసుకోవాలి. వేసుకోనివాళ్లు జబ్బు చేసినప్పుడు దాన్ని ఊరి బయట వదిలేసి వస్తున్నారు. మెడకు పట్టీతో, వచ్చే ప్రతి కారు వెంటా పరిగెత్తే పెద్ద జాతి కుక్కలు హైదరాబాద్ శివార్లలో కొత్త కాదు.

చిన్నికి ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మ చెవులు చూస్తుంది. వేళ్ల సందులు, మెడపట్టీ కింద, తోక మొదలు, చంకలు. నెలకోసారి డాక్టరుగారు రాసిన గోమారి మాత్ర వేస్తున్నాం. తలుపు ఫ్రేము పగుళ్లకు సిమెంటు పూయించాం. కిందటి నెల పరీక్షలో ప్లేట్‌లెట్లు 2 లక్షల 60 వేలున్నాయి. మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ రాత్రి అన్నం పెట్టాక దాని పై పెదవి ఎత్తి చిగురు రంగు ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి రంగు తెలిసి ఉంటేనే, అది తెల్లబడిన రోజున మీరు నాలుగో రోజు దాకా ఆగరు.